చెంచాడు తేడా

మన సావనీరులో ఏటా ప్రేమ మీదా, దేశం మీదా, నిరుద్యోగం మీదా వ్యాసాలు వస్తాయి. వాటిలో ఏ ఒక్కదాని మీదా నాకు చెప్పుకోదగ్గ అనుభవం లేదు. "ఏదో ఒకటి రాయరా, నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి" అని సంపాదకవర్గంలో ఉన్న నా రూమ్మేటు పీకలమీద కూర్చుంటే, నాకు ఖచ్చితంగా తెలిసిన విషయం ఒక్కటే కనబడింది. అది నేను చేసిన ఒక తప్పు. దాని పరిమాణం నూట అరవై ఏడు మిల్లీలీటర్లు.

మాది పల్నాటి వైపు ఒక పల్లె. సాగర్ కుడికాలువ కింద నాన్నకి రెండెకరాలుంది. మిరప వేస్తాం. 2021లో నల్ల తామరపురుగు మా వైపు మిరప తోటల్ని ఏం చేసిందో నా తోటి రైతుబిడ్డలకి వేరే చెప్పనక్కరలేదు. పూత పూతంతా రాలిపోయింది. అప్పట్నుంచీ మిరపాకు కాస్త ముడుచుకుంటే చాలు, నాన్నకి నిద్రపట్టదు.

పోయిన ఆగస్టులో ఒక శనివారం రాత్రి ఇంటికి వెళ్లాను. తెల్లారి పొలం వెళితే, నాన్న నారుమడి గట్టు మీద గొంతుక్కూర్చుని ఆకుల్ని తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇంకో పది పన్నెండు రోజుల్లో నాటాల్సిన నారు.

"ముడత కనపడతా ఉందిరా" అన్నాడు.

"వేపనూనె కొడదాం నాన్నా. విషం కాదు, ఖర్చూ తక్కువ" అన్నాను.

ఎంత కొట్టాలి అనేదే ప్రశ్న. నాన్న పద్ధతి నాన్నకుంది. ఏ మందైనా సరే, ట్యాంకుకి ఇన్ని మూతలు అంటాడు. ఏ మూత? ఆ సీసా మూతే. బి.యస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉన్న నాకు ఆ మూతల లెక్క చూస్తే సిగ్గుగా ఉండేది. కొలత అన్నాక యూనిట్ ఉండాలి, దశాంశాలుండాలి, అవసరమైతే శాతంలో దోషం కూడా చెప్పాలి అని కదా మనకి ప్రాక్టికల్సులో నేర్పేది!

మా పెదనాన్నగారి అమ్మాయి, అక్క, అమెరికాలో ఉంటుంది. పెరట్లో బెండ, వంగ, గోంగూర, నాలుగు మిరప మొక్కలూ పెంచుతుంది. ఆ నాలుగు మొక్కల ఫోటోలు మా రెండెకరాల తోట కన్నా పచ్చగా ఉంటాయి. వేపనూనె ఎలా కలుపుతావక్కా అని అడిగితే, తన నోటుపుస్తకంలో రాసుకున్నదాన్ని ఫోటో తీసి పంపింది. ఇంగ్లీషులో మూడే మూడు ముక్కలు. నీళ్లు ఒక గాలను. వేపనూనె నాలుగు 'టీ'. గిన్నెలు తోమే సబ్బుద్రవం ఒక 'టీ'. ఆ 'టీ' ముందూ వెనకా ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ ఒక్క అక్షరం.

గాలను అనగానే నేను జాగ్రత్త పడ్డాను. చాలామంది బోల్తాపడే చోటు అదేనని నాకు తెలుసు. మన పాత డైరీల వెనక పేజీల్లో గాలను అంటే 4.546 లీటర్లని ఉంటుంది. అది ఇంగ్లీషువాడి గాలను. అమెరికా గాలను 3.785 లీటర్లే. ఒకే పేరు, ఒకే భాష, తేడా మాత్రం ముప్పావు లీటరు!

ఈ తేడాకి ఒక కథ ఉంది. పూర్వం ఇంగ్లండులో ద్రాక్షసారాకి ఒక గాలను, బీరుకి ఇంకో గాలను, ధాన్యానికి మరో గాలను ఉండేవి. ద్రాక్షసారా గాలను 231 ఘనపుటంగుళాలు. అది ఓడలెక్కి అమెరికా వలసలకి చేరింది. వాళ్లకి స్వతంత్రం వచ్చాక కూడా అక్కడే ఉండిపోయింది. ఇంగ్లండు వాళ్లు మాత్రం 1824లో పాత గాలన్లన్నీ తీసేసి, పది పౌన్ల నీళ్లు పట్టే కొత్త గాలను ఒకటి పెట్టుకున్నారు. మనల్ని ఏలింది వాళ్లు గనుక మన డైరీల్లోకి దిగింది ఆ కొత్త గాలను. మనం 1956లో చట్టం చేసుకుని మెట్రిక్ పద్ధతికి వచ్చేశాం. అమెరికావాళ్లు ఇప్పటికీ పాలూ, పెట్రోలూ గాలన్లలోనే కొంటున్నారు.

తమాషా ఏమిటంటే, ఆ గాలను నిలబడింది కూడా మెట్రిక్ కాళ్ల మీదే. 1893 నుంచీ అమెరికా గజానికి మీటరే ఆధారం. 1959లో అంగుళం అంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లని ఖాయం చేశారు. 2.54ని ఘనం చేసి 231తో గుణించండి. 3785.411784 వస్తుంది. ఘన సెంటీమీటర్లలో అదే అమెరికా గాలను. దశాంశం తరవాత ఒక్క అంకె కూడా ఉజ్జాయింపు కాదు.

ఇదంతా నాకు తెలుసు. గట్టు మీద నిలబడి నాన్నకి చెప్పాను కూడా. ఆయన "ఓహో" అన్నాడు.

ఇక మిగిలింది 'టీ'. ఫోనులో చూసే అమెరికా వంటల్లో మాటమాటకీ టేబుల్ స్పూను అంటూంటారు. ఇదీ అదే అనుకున్నాను. వాళ్ల టేబుల్ స్పూను 14.787 మిల్లీలీటర్లు. నాలుగైతే 59 పైచిలుకు. గాలను లీటర్లతో భాగిస్తే, లీటరు నీళ్లకి 15.625. మా స్ప్రేయరు ట్యాంకు పదహారు లీటర్లది. పదహారు పెట్టి గుణించాను. సరిగ్గా 250 వచ్చింది.

పాఠకమిత్రులారా, లెక్కల పరీక్ష రాసిన ప్రతివాడికీ ఒక నమ్మకం ఉంటుంది. జవాబు గుండ్రంగా వచ్చిందంటే లెక్క కరెక్టన్నమాటే. నేనూ నమ్మాను.

"ఎంత పోస్తున్నావురా?" అన్నాడు నాన్న.

"పావు లీటరు."

"పావు లీటరే? ఎక్కువేమో చూడు."

"లెక్కేశాను నాన్నా."

ఆ మాట నేనెలా అన్నానో నాకు ఇప్పటికీ చెవుల్లో వినబడుతూనే ఉంది. నాన్న ఇంకేమీ అనలేదు. "పోనీ, ఎండ వాలాక కొడదాం" అన్నాడు. నా బస్సు మూడింటికి. అందుకని పదకొండు గంటలకే, నెత్తిమీద ఎండ పెట్టుకుని, నేనే ట్యాంకు భుజానికి తగిలించుకుని సగం మడికి కొట్టాను. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. మిగతా సగం నాన్న సాయంత్రం చూసుకుంటానన్నాడు. మిగిలిన ఆ సగం మా అదృష్టం.

బుధవారం పొద్దున ఫోను వచ్చింది.

"ఏం లేదురా. నారు కాస్త మాడినట్టుంది. నువ్వు కొట్టిన మేర. నువ్వు చదువుకో, నేను చూసుకుంటా."

ఆ రాత్రి అక్కకి ఫోను చేశాను. నేను చెప్పింది పూర్తిగా వినకుండానే "ఒరేయ్, అది చిన్న టీ కదరా!" అంది. వాళ్ల వంటల పుస్తకాల్లో చిన్న అక్షరం 'టీ' రాస్తే టీ స్పూను, పెద్ద అక్షరం 'టీ' రాస్తే టేబుల్ స్పూను అట. టీ స్పూనులోనే 'టీ' ఉంది కదరా అని మీరెవరైనా నవ్వితే నేను కాదనను. మూడు టీ స్పూన్లు ఒక టేబుల్ స్పూను. అంటే నేను పోసింది పోయాల్సినదానికి మూడింతలు. సరైన లెక్క లీటరుకి 5.2 మిల్లీలీటర్లు. మనవాళ్లు వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లని మామూలుగా చెప్పేదీ అదే. పదహారు లీటర్ల ట్యాంకుకి 83 చాలు. నూనె, దానికి తోడు మూడింతల సబ్బు, ఆపైన మిట్టమధ్యాహ్నపు ఎండ. లేత ఆకు ఎలా తట్టుకుంటుంది?

గాలను దగ్గర మూడో దశాంశం దాకా జాగ్రత్తపడ్డవాణ్ణి, చెంచా దగ్గర మూడు రెట్లు తప్పాను.

మర్నాడు లాబ్‌లో నా మొహం చూసి ఫిజిక్సు మాస్టారు ఏమైందన్నారు. చెప్పాను. నోటుపుస్తకం చూపించాను. ఆయన నవ్వలేదు. నేను వేసిన గుణకారాలన్నీ పక్కన పెట్టి ఇలా రాశారు: పదహారు టేబుల్ స్పూన్లు ఒక కప్పు, పదహారు కప్పులు ఒక గాలను. కాబట్టి గాలనుకి 256 టేబుల్ స్పూన్లు. నాలుగు పోస్తే అరవై నాలుగో వంతు. పదహారు లీటర్లలో అరవై నాలుగో వంతు పావు లీటరు. అంతే, రెండు లైన్లు. "నువ్వు 3.785 అని అంత శ్రమపడక్కర్లేదోయ్. గాలనూ చెంచా రెండూ ఒకే ఇంటివైతే నిష్పత్తి ఎక్కడైనా ఒకటే. నువ్వడగాల్సింది చెంచా ఎన్ని మిల్లీలీటర్లని కాదు, ఏ చెంచా అని" అన్నారు.

నన్ను ఓదార్చడానికో ఏమో, ఒక విమానం సంగతి చెప్పారు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 ఒకటి మాంట్రియల్ నుంచి బయల్దేరింది. ఇంధనం చూపించే మీటర్లు పనిచెయ్యడం లేదు. అందుకని ట్యాంకుల్లో కొలపుల్ల పెట్టి చూశారు. 7,682 లీటర్లుంది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. లీటర్లని కిలోల్లోకి మార్చాలి. అప్పుడప్పుడే కెనడా మెట్రిక్‌లోకి మారుతోంది, ఆ విమానం ఆ కంపెనీలో మెట్రిక్ లెక్కన నడిచే కొత్తరకం. కాయితం మీద ఉన్న 1.77 అనే అంకెతో గుణించారు. అది లీటరుకి ఎన్ని పౌన్లో చెప్పే అంకె. కిలోలైతే 0.8 ఉండాలి. గుణకారం తప్పు లేదు, 13,597 సరిగ్గానే వచ్చింది. కాని అవి పౌన్లు, వాళ్లనుకున్నది కిలోలు. ఇరవై వేల లీటర్లు పోయాల్సిన చోట అయిదు వేలకి లోపే పోసి ఎగిరిపోయారు. నడి ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు ఆ పెద్ద విమానాన్ని గాలిలో జారుడుబల్ల మీద జారినట్టు దింపుకొచ్చి, గిమ్లి అనే ఊళ్లో వాడకం మానేసిన పాత వైమానిక స్థావరం రన్‌వే మీద వాలించారు. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

"అక్కడ కూడా లెక్క వేసినవాళ్లు చదువు రానివాళ్లు కారు" అన్నారు మాస్టారు.

నా చెంచా తప్పు కూడా కొత్తదేమీ కాదని తరవాత చదివి తెలుసుకున్నాను. పిల్లలకి మందు పోసేటప్పుడు టీ స్పూనుకీ టేబుల్ స్పూనుకీ తికమకపడటం అమెరికా ఇళ్లలో ఉన్నదే. అందుకే 2015లో అక్కడి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు, పిల్లలకి తాగించే మందుల మోతాదు చెంచాల్లో రాయొద్దు, మిల్లీలీటర్లలోనే రాయండి అని చెప్పారు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేను మాడ్చింది నారు. నారు మళ్లీ కొనుక్కోవచ్చు.

కొన్నాం కూడా. సగం నారు బయట నర్సరీలో కొనాల్సి వచ్చింది. ఎంతయిందో నాన్న చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ నెల నా హాస్టల్ డబ్బు మాత్రం పదిరోజులు ఆలస్యంగా వచ్చింది.

దసరా సెలవులకి ఇంటికెళ్లాక నాయనమ్మకి కథంతా చెప్పాను. ఆవిడ అటకమీంచి పాత కుంచం, మానిక, తవ్వ, సోల, గిద్ద దింపించింది. ఇనప కుంచం తుప్పుపట్టింది. ఇత్తడి సోల మాత్రం చింతపండు పెట్టి తోమితే ఇప్పటికీ మెరుస్తుంది. మా వాకిట్లో ఆవిడకి తెలిసిన లెక్క ఇది: నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి.

నేను అమెరికా లెక్క పక్కన రాసి చూశాను. నాలుగు గిల్లులు ఒక పైంటు, రెండు పైంట్లు ఒక క్వార్టు, నాలుగు క్వార్టులు ఒక గాలను. ధాన్యానికైతే రెండు గాలన్లు ఒక పెక్కు, నాలుగు పెక్కులు ఒక బుషెలు. ఆ దేశానికీ మా వాకిలికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా రెండు పద్ధతులూ అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి! రెండింటిలోనూ లెక్క రెండుతోనూ నాలుగుతోనూ నడుస్తుంది. ఎందుకంటే సగం చెయ్యడం, మళ్లీ సగం చెయ్యడం కంటిచూపుతో అయ్యే పని. పదో వంతు కంటికి అందదు. మెట్రిక్ పద్ధతి కాయితం మీద గుణించేవాడికి సుఖం, ఆ పాత పద్ధతులు కళ్లంలో కొలిచేవాడికి సుఖం. ఇంకో వింత కూడా ఉంది. అమెరికాలో నీళ్ల పైంటు 473 మిల్లీలీటర్లయితే, గింజల పైంటు 551. పైంటు అన్నా సరిపోదు, దేనికో కూడా చెప్పాలి.

నాయనమ్మ నా కాయితం కేసి చూడలేదు. ఆవిడ చెప్పింది వేరే. వాళ్ల చిన్నతనంలో ఎవరైనా "పది కుంచాలు అప్పు" అంటే, పెద్దవాళ్లు ముందు అడిగే మాట "ఎవరి కుంచం?" అనేదట. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, తీసుకునేటప్పుడు దానికన్నా ఓ గుప్పెడు ఎక్కువ పట్టే కుంచం పెట్టుకున్న ఆసాములు ఉండేవాళ్లట. కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా "లాభం" అంటూ లెక్క మొదలుపెడతాడు కదా, ఆ లాభం ఎవరిదో కుంచాన్ని బట్టి ఉండేదని నవ్వింది. గీటు కొట్టి కొలుస్తారా, పైన రాశి నిలబెట్టి కొలుస్తారా అని కూడా ముందే ఒప్పుకునేవాళ్లట.

"నువ్వు మీ అక్కని ఎవరి చెంచా అని అడగలేదేరా?" అంది.

ఫిజిక్సు మాస్టారు రెండు లైన్లలో రాసిందే నాయనమ్మ ఒక్క మాటలో అంది. ఆవిడ ఏ బడికీ వెళ్లలేదు. అలాగని పాతకాలమే మంచిదని నేననను. ఎవరి కుంచం అని అడగాల్సిన అవసరం లేకుండా చెయ్యడానికే కదా మెట్రిక్ వచ్చింది. లీటరు మా ఊళ్లోనూ లీటరే, అక్క ఊళ్లోనూ లీటరే. దానికి ఆసామి లేడు. కాని ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మారే గడప దగ్గర మాత్రం, ఆ పాత ప్రశ్న వేసుకోకుండా కాలు పెట్టకూడదు.

ఇంతవరకూ చెప్పింది లెక్క. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలింది.

ఆ సెలవుల్లోనే తెలిసింది, నారు ఎలా మాడిందని అడిగినవాళ్లందరికీ నాన్న "ఎండకి పోయింది" అని చెప్పాడని. టీకొట్టు దగ్గర చెప్పాడు, మందుల షాపులో చెప్పాడు, నారు కొన్న నర్సరీలో కూడా చెప్పాడు. పైచదువు చదివే కొడుకు కొట్టిన మందుకి పోయిందని ఒక్కరితో అనలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అది హాయిగానే అనిపించింది. నేనూ నోరు మూసుకున్నాను.

ఒకరోజు సాయంత్రం పక్క పొలం బాబాయి మా అరుగు మీదకి వచ్చాడు. ఆయన ఆలస్యంగా వంగనారు పోశాడు.

"ఏదో అమెరికా లెక్కన వేపనూనె కలుపుతావంట గదరా అబ్బాయ్. మీ అమ్మ చెప్పింది. నాకూ రాసియ్యి" అన్నాడు.

నాన్న నా వైపు చూశాడు. తరవాత బీడీ కోసం జేబు తడుముకున్నాడు.

ఆయనకి 83 అని రాసిచ్చేస్తే సరిపోయేది. పరువూ దక్కేది. కాని ఆ ఫోటో అమ్మ ఫోనులో కూడా ఉంది. రేపు ఎవరైనా అది చూసి నాలాగే చదివితే? చెప్పేశాను. ఎండకి పోలేదు బాబాయ్, నేను మూడింతలు పోశాను, నాన్న వద్దంటున్నా ఎండలో కొట్టాను, అన్నాను. బాబాయి ఒక నిమిషం ఏమీ అనలేదు. "మరి చదువుకున్నోడివి గదరా" అన్నాడు. అందులో వెక్కిరింత లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. అది వెక్కిరింత కన్నా గట్టిగా తగిలింది. కాయితం మీద "పదహారు లీటర్ల ట్యాంకుకి 80 మిల్లీలీటర్లు, ఎండ వాలాక" అని రాసిచ్చాను. చెంచా అన్న మాట ఎక్కడా రాయలేదు.

బాబాయి వెళ్లాక నాన్న అన్నది ఒక్కటే: "ఆ మూతలో ఎంత పడుతుందో ఓసారి చూడరాదూ."

తరవాతి సారి ఇంటికెళ్లేటప్పుడు వంద మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలజాడీ ఒకటి కొనుక్కెళ్లాను. ఇంట్లో ఉన్న మందుసీసాల మూతలన్నీ నీళ్లతో కొలిచాం. ఒకదానిలో 8, ఒకదానిలో 10, ఇంకోదానిలో 15. ఇన్నేళ్లూ అన్నీ 'మూత'లే. నాన్న పద్ధతిని చూసి సిగ్గుపడ్డ నా సిగ్గులో కొంత న్యాయం ఉందన్నమాట. కాని ఆయన ఒక్క విషయంలో నాకన్నా జాగ్రత్తపరుడు. ఏ సీసాకి ఆ సీసా మూతే వాడేవాడు, ఒకదాని మూత ఇంకోదానికి ఎన్నడూ పెట్టలేదు.

నాన్న ఇప్పటికీ ట్యాంకుకి రెండు మూతలు, మూడు మూతలు అనే అంటాడు. కాకపోతే కొత్త సీసా తెచ్చిన రోజునే మూతని కొలజాడీలోకి వంచి చూసి, వచ్చిన అంకెని సీసా మీద మార్కరుతో రాస్తాడు. మొదట్లో ఉత్త అంకె వేసి ఊరుకునేవాడు. నేను వెళ్లినప్పుడల్లా దాని పక్కన "మి.లీ." అని చేర్చేవాణ్ణి. సంక్రాంతికి వెళ్లేసరికి గూట్లో కొత్త సీసా ఒకటి ఉంది. దానిమీద నాన్న వంకర అక్షరాలతో "10 మి.లీ." అని ఉంది. నేను చేర్చడానికి ఏమీ మిగల్లేదు.

(తృతీయ బి.యస్సీ., యం.పి.సి.)